నీరయ్యేదాకా

మా ఓర్ఖెన్ కనుమలో ఓటంటే మంచుగడ్డ.
ఎవరి చూరు కింద వేలాడేదాన్ని వాళ్లే విరిచి
ఒంటికి ఆనకుండా, చేతులు చాచి పట్టుకుని
పొద్దు పొడవకముందే మోసుకు రావాలి.
గుండెకి హత్తుకుని తెచ్చినవాడి ఓటు
దారిలోనే చిన్నదైపోతుందని
మా ముసలివాళ్లు నవ్వుతారు.

నిలబడ్డవాళ్లు నలుగురైతే నాలుగు గోతులు.
ఎవరి గోతిలో వేశావో ఊరంతా చూస్తుంది.
గుట్టు లేదు మాకు, అందుకే మొహమాటం ఎక్కువ.
అప్పిచ్చినవాడి గోతివైపు
కాళ్లు వాటంతటవే నడుస్తాయి.
కొందరు గడ్డలో ఉప్పు దాచి తెస్తారు,
గిట్టనివాడి గోతిలో వెయ్యడానికి,
అభిమానం ఉట్టిపడే మొహంతో.

అందుకే నేనున్నాను.
ప్రతి గడ్డనీ నాలుకతో తాకి చూస్తాను.
ముప్పై ఏళ్లుగా ఈ ఊరి ఓట్ల రుచి నాకు తెలుసు:
పొగ, పావురాల రెట్ట, నానిన గడ్డి,
ఒక్కోసారి కన్నీళ్లు.
కన్నీళ్లూ ఉప్పే కదా, అవీ చెల్లవు.

గెలిచినవారి గడ్డలన్నీ పేర్చి
నీళ్లు చిలకరించి ఒక రాత్రి వదిలేస్తే
ఒకదాన్నొకటి కరుచుకుని దిమ్మె అవుతాయి.
ఆ దిమ్మె ఉన్న గదిలోనే పెద్ద కాపురం.
పొయ్యి వెలిగించకూడదు.
దిమ్మె ఉన్నన్నాళ్లే పెద్దరికం.

రోజూ ముడుల తాడుతో వెళ్లి కొలుస్తాను.
వెనకటికి హోల్వర్ అని ఒకాయన
తలుపు మూసుకుని పదకొండేళ్లు ఏలాడు.
అర్జీ పెట్టుకునేవాడి ఊపిరికి కూడా
గోరంత తరుగుతుందని ఎవరినీ రానిచ్చేవాడు కాదు.
చల్లని పాలన అని రాతిమీద చెక్కించాం.

సేరిత్ గెలిచిన ఏడు దిమ్మె నిలువున్నర.
ఆమె తలుపు తెరిచే ఉంచేది.
వచ్చినవాళ్లని కూర్చోబెట్టేది, అరిచేది, తిట్టేది,
పంపకాల తగువులో తెల్లారేదాకా వాదించేది.
వారానికి బెత్తెడు పోయేది.
నేను చెబితే
"నీ తాడు నువ్వు చూసుకో" అనేది.

ఆ మంచుతుఫాను రాత్రి
కనుమ అవతలి మనిషి, మనకి పడని పక్క మనిషి,
నిండు చూలాలు, ఎలా ఎక్కి వచ్చిందో,
అన్నిటికన్నా పైనున్న ఆ ఇంటి తలుపు తట్టింది.
కట్టెలుండవు కదా ఆ ఇంట్లో.
సేరిత్ మంచం విరిచింది.
మంచం అయిపోయాక పీట.
పీట అయిపోయాక తలుపు.
మూడు రాత్రులు.

నాలుగో పొద్దున దారి తవ్వుకుని వెళ్లాను.
మోకాళ్ల లోతు నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి,
గది అంతా, అద్దంలా, దిమ్మె చుట్టూ.
నేలన గడ్డకట్టింది లెక్కలోకి రాదు,
నిలబడ్డదే లెక్క.
తాడు మూరెడు చెప్పింది.
ఆమె ఒళ్లో ఎర్రగా, ముడతలుగా, ఎవరి పిల్లో.
"అచ్చంగా ఎంత?" అంది.
మూరెడు అన్నాను.
"పోనీ, జానెడనుకున్నా" అంది.

ఎండ తిరిగేసరికి అదీ నీరయింది.
సేరిత్ మళ్లీ నిలబడింది.
ఊరంతా ఆమె కథే చెప్పుకుంది, ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు,
పిల్లకి ఊలు టోపీలు అల్లి పంపారు.
గడ్డలు మాత్రం నలభై మూడు పడ్డాయి.
మిగతావన్నీ హోల్వర్ మనవడు ద్రోవిక్‌కి.

రుచి చూసేవాడిది ఆఖరి ఓటు.
నా గడ్డనీ అలవాటుగా నాకి చూసుకున్నాను,
ఉప్పు లేదు.
అది కూడా ద్రోవిక్ గోతిలోనే వేశాను.
ఎందుకని అడగకండి.
ఆ పొద్దున చలిగా ఉంది.
అతని గొయ్యి దగ్గరగా ఉంది.

ఇవాళ కొలిచాను. రెండు నిలువులు,
గోరంత కూడా తగ్గలేదు.
తలుపు సందులోంచి ద్రోవిక్ గొంతు
ఊపిరి బిగబట్టి కొలవమంది.
బిగబట్టాను.